ఉమ్మెయ్యని గుక్క

ఆ స్నానశాలలో నీళ్ళ విషయంలో నీళ్ళక్క చెప్పిందే వేదం. జీతాల దగ్గర యజమాని మాట చెల్లుతుంది, నిప్పు దగ్గర బాయిలర్ బాబాయి మాట చెల్లుతుంది. తొట్టిలో నీళ్ళు మనిషి దిగడానికి తయారయ్యాయా లేదా అన్నది మాత్రం ఆవిడ నాలుక తేల్చాలి. కొండవాలు నుంచి గొట్టాల్లో వచ్చే ఆ ఊటనీళ్ళు ఇవాళ ఉన్నట్టు రేపు ఉండవు. వాన పడితే పలచబడతాయి, ఎండలు ముదిరితే నోరు వంకరపోయేంత చేదెక్కుతాయి. ఎంత చేదుకి ఎంత మామూలు నీళ్ళు కలపాలో ఆవిడకే తెలుసు. పొద్దున పన్నెండు తొట్లు, మధ్యాహ్నం మళ్ళీ అవే పన్నెండు. ప్రతి తొట్టి దగ్గరా వంగి, మోచెయ్యి ముంచి వేడి చూసి, దోసిట్లో ఒక గుక్క తీసుకుని నోట్లో పోసుకుని కళ్ళు మూసుకుంటుంది. "ఇంకో రెండు బకెట్లు చల్లనీళ్ళు" అందంటే రెండే. మూడోది పోసినవాడి పని ఆ రోజుకి అయిపోయినట్టే.

ఈ బాధ లేకుండా యజమాని ఎప్పుడో ఒక మీటరు కొన్నాడు. నీళ్ళలో ముంచితే అంకె చూపిస్తుంది. అది కౌంటరు సొరుగులో పెట్టెతో సహా పడుకుని ఉంది.

"దాని బ్యాటరీ అయిపోతుంది. నా నాలుక అయిపోదు" అంది నీళ్ళక్క.

"ఆ సంగతి మాకు వేరే చెప్పాలా!" అన్నాడు బాయిలర్ బాబాయి.

రుచి చూసిన గుక్కని ఆవిడ ఉమ్మదు, మింగేస్తుంది. కొత్తగా చేరిన తువ్వాళ్ళ పిన్ని ఒకసారి అడిగింది, అంత చేదు గొంతులోకి ఎలా దిగుతుందని. నీళ్ళక్క ఆవిణ్ణి పైనుంచి కిందికి చూసి, "మా ఆయన్ని లేపి నడిపించిన నీళ్ళే ఇవి. నోట్లో పడ్డ ఉపకారాన్ని ఎవరైనా ఉమ్మేస్తారా?" అంది. పిన్ని మళ్ళీ ఆ ఊసు ఎత్తలేదు.

నడిపించడం అంటే నిజంగానే నడిపించడం. ఇరవయ్యేళ్ళ కిందట నీళ్ళక్క భర్త పెంకుటిళ్ళు కప్పే మేస్త్రి. పెద్ద గోదాము కప్పు మీద నుంచి జారిపడ్డాడు. రెండు కాళ్ళూ విరిగాయి. ఐదు నెలలు కట్లలో ఉండి ఎముకలైతే అతుక్కున్నాయి గానీ, మోకాళ్ళు తుప్పుపట్టిన తలుపు బందుల్లా బిగుసుకుపోయాయి. రోజూ వంచుతూ ఉండాలన్నాడు డాక్టరు. ఇంట్లో చెయ్యి వేస్తేనే మేస్త్రి వీధి చివరికి వినపడేలా అరిచేవాడు. అప్పుడెవరో ఈ నీళ్ళ సంగతి చెప్పారు. పుట్టింటివాళ్ళ తోపుడుబండి అరువు తెచ్చి, దాని మీద మొగుణ్ణి కూర్చోబెట్టి, ఎనిమిది నెలలు రోజూ తోసుకొచ్చింది ఆవిడ.

స్నానశాల గుమ్మం మీద పెద్ద బోర్డు ఉండేది. 'ఈ నీటిలోని ఖనిజాలు చర్మం గుండా శరీరంలోకి ఇంకి ఎముకలకు, కీళ్ళకు బలము నిచ్చును.' బండి ఆ బోర్డు కిందికి రాగానే ఆగి, ఆ వాక్యం మొగుడికి పైకి చదివి వినిపించి, అప్పుడు లోపలికి తోసేది. వేడినీళ్ళలో ఆయన్ని కూర్చోబెట్టి, తొట్టి గట్టు మీద తను కూర్చుని, "నీళ్ళు లోపలికి దిగాలిగా, కాస్త దారియ్యి" అంటూ మోకాళ్ళు వంచేది, చాచేది. కాలికి యాభైసార్లు. లెక్కపెట్టే పని మేస్త్రిది. ఆయన నొప్పికి తట్టుకోలేక ఇరవై రెండు నుంచి ముప్పై ఒకటికి దూకేసేవాడు. ఆవిడ చెవి తక్కువదా? "దొంగలెక్క! మళ్ళీ మొదటినుంచీ" అనేది. ఎనిమిదో నెలలో ఒకరోజు మేస్త్రి గట్టు పట్టుకుని తనంతట తను లేచి నిలబడ్డాడు. ఆ మధ్యాహ్నమే నీళ్ళక్క యజమాని దగ్గరికి వెళ్ళి, ఇక్కడ ఏ పనైనా సరే, ఇవ్వండి అని అడిగింది. అదీ ఆవిడ కథ.

అప్పటినుంచి రోజూ పొద్దున మొదటి తొట్టి ముందు ఒక్క క్షణం చేతులు జోడించి, అప్పుడే పనిలో చెయ్యి పెడుతుంది.

అలాంటి నీళ్ళ మీదికి ఒక కాగితం వచ్చింది. ఆరోగ్యశాఖ ఆఫీసు నుంచి. ఖనిజాలు చర్మం గుండా ఒంట్లోకి ఇంకుతాయన్న మాటకి మూడు నెలల్లో రుజువు చూపించండి, లేదా బోర్డు దించండి అని రెండే రెండు వాక్యాలు. యజమాని ఆ కాగితాన్ని నలుగురికీ చూపించి, ఐదోసారి తనే చదువుకుని, కుర్చీలో కూలబడ్డాడు. బోర్డు పోతే జనం పోతారని ఆయన దిగులు. నీళ్ళక్కకి వచ్చింది దిగులు కాదు, ఒళ్ళుమంట.

"రుజువా? మా ఇంట్లో రెండు కాళ్ళ మీద తిరుగుతోంది రుజువు. వచ్చి చూసుకోమనండి!" అంది.

ఆ రుజువు ఆఫీసుకి చాలదట. అందుకని ఒక ప్రయోగశాల నుంచి పరీక్షలు చేసే అమ్మాయిని పిలిపించారు. ముప్పై ఏళ్ళుంటాయి, కళ్ళజోడు, నెమ్మది మనిషి. వస్తూనే ఆరుగురికి తలా రెండు పెద్ద ప్లాస్టిక్ సీసాలు ఇచ్చి, రాత్రీ పగలూ ఒక్క చుక్క పోనీకుండా మూత్రం అంతా అందులోనే పట్టాలంది. ఆ క్షణం నుంచే ఆవిడకి సీసాలమ్మ అన్న పేరు ఖాయమైపోయింది.

"ఒంట్లోకి ఎక్కువైన మెగ్నీషియం మూత్రంలోనే బయటికి పోతుంది. చర్మంలోంచి నిజంగా లోపలికి వెళ్తుంటే సీసాలో తెలిసిపోతుంది" అని వివరించింది సీసాలమ్మ. ఊటనీళ్ళ చేదంతా ఆ మెగ్నీషియం ఉప్పుదేనట.

పద్ధతి కూడా చెప్పింది. ఏటా తొట్లు ఖాళీ చేసి తోమే మూడు రోజులు స్నానశాల మూసే ఉంటుంది కదా, అప్పుడు ఒకసారి సీసాలు నింపాలి. తర్వాత వారం రోజులు ఆరుగురూ రోజుకి అరగంట తొట్టిలో కూర్చోవాలి. వారం చివర మళ్ళీ సీసాలు. తిండి మారకూడదు, మందులు వేసుకోకూడదు, స్నానం చేసేటప్పుడు నీళ్ళు నోట్లోకి పోకూడదు.

నీళ్ళక్క ఈ నియమాలన్నీ ప్రాణం పెట్టి పాటించింది. తొట్టిలో ఉన్న అరగంటా పెదాలు బిగించి కూర్చుంది. మెలకువగా ఉండి అంతసేపు మాట్లాడకపోవడం ఆవిడ జీవితంలో అదే మొదటిసారని, ఆ వారం స్నానశాలలో కొళాయిల చప్పుడు కూడా వినపడిందని బాయిలర్ బాబాయి ఇప్పటికీ చెబుతాడు. తొట్టిలోంచి లేచాక మామూలే. మోచెయ్యి, దోసిలి, గుక్క. అది స్నానం కాదు, పని.

ఫలితాలు బయటపెట్టిన రోజు సీసాలమ్మ సామాన్ల గదిలో తన బల్ల ముందు కాగితాలు పరిచింది. బాయిలర్ బాబాయి, తువ్వాళ్ళ పిన్ని, కౌంటరు గుమాస్తా, ఎప్పుడూ వచ్చే ఇద్దరు పెద్దమనుషులు, ఈ ఐదుగురికీ స్నానాలకి ముందు ఎంతో తర్వాతా అంతే. ఆరో మనిషి నీళ్ళక్క. ఆవిడ అంకె దాదాపు రెట్టింపు.

యజమాని కుర్చీలోంచి లేచి గంతేసినంత పని చేశాడు. "ఒక్కరికి ఇంకినా ఇంకినట్టే కదమ్మా!"

"ఒక్కరి లెక్క చాలదండీ. ఎందుకు పెరిగిందో నాకు అర్థం కావట్లేదు. కాస్త టైమివ్వండి" అంది సీసాలమ్మ.

ఆయన వినే స్థితిలో లేడు. బోర్డు మీది అక్షరాలు వెలిసిపోయాయి, రేపు పొద్దున్నే వచ్చి ఇంకా పెద్దవిగా రాయాలని పెయింటరుకి ఫోను కూడా చేసేశాడు.

సీసాలమ్మ కళ్ళజోడు తీసి నీళ్ళక్క చేతులకేసి చూసింది. "మీ చర్మంలో ఏముందమ్మా?"

"పంతొమ్మిదేళ్ళు నానిన చర్మం. నీళ్ళకి దారి బాగా అలవాటైపోయింది" అంది నీళ్ళక్క. ఆ మాట అంటుంటే ఛాతీ రెండంగుళాలు పొంగింది.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్తుంటే కాళ్ళు నేల మీద ఆనలేదు. వీధి చివర మేస్త్రి చిన్న కొట్టు. విరిగిన కుర్చీలు బాగుచేస్తాడు, రంపాలకి పదును పెడతాడు. బల్ల మీద రంపం బిగించి ఆకురాయితో రుద్దుతున్న మనిషి ముందు నీళ్ళక్క స్టూలు లాక్కుని కూర్చుని, టీ గ్లాసు చేతికిచ్చి, జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పింది. ఐదుగురు ఓడిపోయి తను గెలిచిన సంగతి రెండుసార్లు చెప్పింది.

మేస్త్రి అంతా విని, రంపం పళ్ళ మీది పొడి ఊది, "నువ్వు రోజూ తాగే నీళ్ళ సంగతి ఆ అమ్మాయికి చెప్పావా?" అన్నాడు.

"నేనెక్కడ తాగుతున్నా? రుచి చూస్తా."

"చూసి?"

"చూసి... మింగుతా."

"పొద్దున పన్నెండు, మధ్యాహ్నం పన్నెండు. పెద్ద చెంబుడు నీళ్ళు, ఇంకా ఎక్కువేనేమో."

"అది పనయ్యా! తాగడం వేరు, పని వేరు."

"ఆ తేడా నీ పొట్టకి తెలుసా?" అన్నాడు మేస్త్రి. "పంతొమ్మిదేళ్ళలో ఒక్కరోజైనా నీకు మలబద్ధకం అన్నది తెలుసా? ఇంట్లో అందరం తలుపు దగ్గర వంతు కోసం నిలబడితే, నువ్వు మాత్రం పాలవాడి కంటే ముందే పని ముగించుకుని వస్తావు. అది ఎవరి చలవ అనుకున్నావు?"

నీళ్ళక్క నవ్వబోయి ఆగిపోయింది. బల్ల మీద టీ చల్లారిపోతోంది. స్నానశాల మూసిన మూడు రోజులూ తను గుక్క మింగలేదు. తెరిచిన వారమంతా మింగింది. సీసాలో పెరిగింది అదే.

"నేనేం అనలేదు. చెబుతావో మానుతావో నీ ఇష్టం" అని మేస్త్రి మళ్ళీ ఆకురాయి అందుకున్నాడు.

ఊరుకుంటే ఎవరికీ తెలియదు. మొగుడు నోరు విప్పే మనిషి కాదు. బోర్డు ఉంటుంది, జనం వస్తారు, నీళ్ళ పరువు నిలబడుతుంది. నోరు తెరిస్తే మాత్రం, తన ఇంటిని నిలబెట్టిన నీళ్ళని తన నోటితోనే పదిమందిలో అబద్ధాలకోరుని చేసినట్టవుతుంది. పంతొమ్మిదేళ్ళుగా పెట్టిన దణ్ణం మాటేమిటి? ఆ నీళ్ళు ఒంట్లోకి దిగనే దిగకపోతే, తను ఇన్నాళ్ళూ ఎవరికి పెట్టినట్టు? ఆ ఆలోచన రాగానే ఆవిడకి నిజంగానే భయం వేసింది. ఒక మనిషికి ఎంతో మేలు జరిగి, అది ఎవరు చేశారో తెలియకపోతే ఎంత దిక్కుతోచనట్టు ఉంటుందో అప్పుడే తెలిసింది.

కానీ తెల్లారేసరికి ఒకటి తేలిపోయింది. మేలు చేసినవాళ్ళ పేరు మీద దొంగసాక్ష్యం చెప్పకూడదు. అది మాత్రం తన వల్ల కాదు.

పొద్దున పెయింటరు అప్పటికే నిచ్చెన వేసుకుని, పాత అక్షరాలు గీకేసి, కొత్త వాక్యం మొదలుపెట్టడానికి కుంచె ముంచుతున్నాడు. "కాస్త ఆగు నాయనా" అని నిచ్చెన తట్టి, నీళ్ళక్క తిన్నగా సామాన్ల గదికి వెళ్ళింది. సీసాలమ్మ ముందు నిలబడి, స్కూల్లో తప్పు ఒప్పుకునే పిల్లలా, ఊపిరి తీసుకోకుండా చెప్పేసింది.

సీసాలమ్మ ఒక కొలత గ్లాసు తెచ్చి, "రోజూ ఎంత తీసుకుంటారో అంతే దోసిట్లో తీసుకుని ఇందులో పొయ్యండి" అంది. పోసింది. ఇరవై నాలుగుతో హెచ్చవేస్తే లీటరు దాటింది. సీసాలమ్మ కాసేపు ఆ అంకెని చూసి, తర్వాత బల్ల మీద తల పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. కళ్ళలోంచి నీళ్ళు వచ్చేదాకా నవ్వింది.

"మీ అంకె చూసినప్పటినుంచి, నాలుగు రోజులుగా అన్నం సయించట్లేదమ్మా నాకు. యంత్రం చెడిపోయిందేమోనని విప్పించాను కూడా. మీరు చెప్పకపోతే ఈ తప్పుడు లెక్కే నా పేరుతో బయటికి వెళ్ళేది" అని నీళ్ళక్క రెండు చేతులూ పట్టుకుంది.

మళ్ళీ ఒక వారం పరీక్ష. ఈసారి తొట్టిలో అరగంట కూర్చోవాలి గానీ రుచి చూడకూడదు. సొరుగులో నుంచి మీటరు బయటికి వచ్చింది. అది చూపించే అంకెని నీళ్ళక్క దొంగని చూసినట్టు చూసేది. నోరు ఊరికే ఉండలేక వక్కపలుకులు నమిలింది. నాలుగో రోజుకి పొట్ట కూడా అలిగింది. పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి ఆవిడ కూడా తలుపు దగ్గర వంతు కోసం నిలబడింది. మేస్త్రి పళ్ళు బయటపెట్టకుండా నవ్వాడు.

ఫలితం వచ్చింది. నీళ్ళక్క అంకె కూడా మిగతా ఐదుగురిలాగే, ముందు ఎంతో తర్వాతా అంతే.

"అయితే చర్మంలోంచి ఏమీ వెళ్ళదా?" అంది నీళ్ళక్క.

"వెంట్రుకల కుదుళ్ళలోంచి కాస్తో కూస్తో వెళ్తుందేమోనని అనేవాళ్ళు ఉన్నారు. ఇంకా ఆ వాదన తేలలేదు. నా సీసాలకి కనపడేంత మాత్రం వెళ్ళలేదమ్మా. మీ ఒంట్లోకి వెళ్ళిందంతా నోటి దారినే."

"మరి వేళ్ళు ముడతలు పడతాయేం? నీళ్ళు లోపలికి వెళ్ళకుండానే?"

"ఆ ముడతలు నరాల పని. నీళ్ళు తడిపేది పైపొరనే. అతిథి వసారా దాకా వచ్చినట్టు. ఇంట్లోకి మాత్రం రానివ్వదు చర్మం. దాని పనే అది."

నీళ్ళక్కకి కోపం ముంచుకొచ్చింది. కోపం వెనకే ఏడుపు. "అయితే మా ఆయన కాళ్ళు ఎలా వచ్చాయో చెప్పండి! డాక్టర్ల వల్ల కాలేదు. ఇంట్లో కాలేదు. ఇక్కడ ఎనిమిది నెలల్లో లేచి నిలబడ్డాడు. ఈ నీళ్ళు కాకపోతే ఎవరు చేశారు? నేను ఎవరికి దణ్ణం పెట్టుకోవాలి?"

సీసాలమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "ఆ అరగంటా మీరేం చేసేవాళ్ళు?"

"నేనేం చేస్తాను? ఊరికే కూర్చోలేక కాళ్ళు వంచేదాన్ని. నీళ్ళు దిగడానికి."

"ఎన్నిసార్లు?"

"కాలికి యాభై."

"రోజూనా?"

"ఒక్కరోజు తప్ప. ఆ రోజు నాకు జ్వరం."

సీసాలమ్మ కాగితం మీద ఏదో వేసి ఇటు తిప్పింది. ఇరవై నాలుగు వేలకి ఓ వంద తక్కువ. "మీ ఆయన మోకాళ్ళని మీరు ఇన్నిసార్లు వంచారమ్మా. నీళ్ళ వాటా నేను తీసెయ్యను. ఆ వేడికి నొప్పి తగ్గింది, ఆ నీళ్ళలో ఒళ్ళు తేలికైంది, అందుకే ఆయన వంచనిచ్చారు. ఖనిజాలు లేకపోయినా వేడినీళ్ళు అంతపనీ చేస్తాయి. కానీ వంచింది మాత్రం మీరు. నీళ్ళకి చేతులు లేవు కదా."

"ఊరుకోండి, మరీ చెబుతారు" అంది నీళ్ళక్క. లేచి చీరకొంగుతో మొహం తుడుచుకుని బయటికి వెళ్ళిపోయింది. పంతొమ్మిదేళ్ళుగా తను రోజూ పంపిన ఉత్తరాలన్నీ చిరునామా తప్పని తిరిగొచ్చి, తన గుమ్మంలోనే కుప్పపడ్డట్టు అనిపించింది. వాటిని ఏం చేసుకోవాలో, ఎక్కడ పెట్టుకోవాలో ఆవిడకి తోచలేదు. ఇంకొకళ్ళకి పెట్టడమే తెలుసుగానీ, తనకి వచ్చిన దణ్ణం అందుకోవడం అలవాటు లేదు మరి.

ఇంటికి రాగానే మొగుణ్ణి నిలదీసింది. "నీ కాళ్ళు బాగుచేసింది నీళ్ళు కాదట."

"తెలుసు" అన్నాడు మేస్త్రి, పని ఆపకుండా.

"తెలుసా? ఎప్పటినుంచి?"

"నీకు జ్వరం వచ్చిన రోజు నుంచి. నువ్వు మంచం దిగలేకపోతే నన్ను మా తమ్ముడు తోసుకెళ్ళాడు గుర్తుందా? అదే తొట్టి, అవే నీళ్ళు, అదే అరగంట. వాడు నన్ను అందులో దింపి, గట్టు మీద కూర్చుని పేపరు చదువుకున్నాడు. బయటికి తీసేసరికి మోకాలు వేలెడు కూడా వంగలేదు. పైగా నా వృత్తి పెంకులు. బాగా పరిచిన కప్పులోంచి ఎంత వాన కురిసినా చుక్క దిగదు. మన ఒంటి మీద చర్మం పరిచినవాడు నాకంటే మంచి మేస్త్రి."

"మరి ఇన్నేళ్ళూ చెప్పలేదేం?"

మేస్త్రి ఆకురాయి కింద పెట్టాడు. "అప్పట్లో భయం. నీళ్ళ మీద నమ్మకంతో వంచుతున్నావు. అది నీళ్ళ వల్ల కాదంటే ఎక్కడ ఆపేస్తావోనని. తర్వాతేమో, రోజూ అంత తృప్తిగా ఆ తొట్టికి చేతులు జోడించి వస్తుంటే అడ్డం రాబుద్ధి కాలేదు. నేను మనసులో ఎవరికి జోడించానో నువ్వెప్పుడూ అడగలేదుగా."

నీళ్ళక్క ఆయన చొక్కా మీది రంపంపొడి దులిపింది. దులిపినంతసేపూ తల ఎత్తలేదు.

బోర్డు మారింది. యజమాని మూడు రోజులు ముభావంగా ఉండి, చివరికి, "నువ్వే చెప్పు ఏం రాయించాలో. నీళ్ళ విషయం నీదేగా" అన్నాడు. నీళ్ళక్క చెప్పినట్టే పెయింటరు రాశాడు. 'వేడినీళ్ళు. అరగంట. కాళ్ళూ చేతులూ మేము వంచుతాము.' జనం పోలేదు. నాలుగు నెలల్లో వంచేవాళ్ళు చాలక ఇంకో ఇద్దరిని పెట్టుకున్నారు. వాళ్ళకి పని నేర్పింది నీళ్ళక్కే. మీటరు కూడా ఇప్పుడు కౌంటరు మీదే ఉంటుంది. అది చూపించిన అంకె సరిగ్గా ఉందో లేదో తేల్చడానికి ఆవిడ ఒక గుక్క నోట్లో పోసుకుంటుంది. పోసుకుని, పక్కకి తిరిగి, "ఏమీ అనుకోకు తల్లీ" అని నీళ్ళకి చెప్పి, ఉమ్మేస్తుంది. పొద్దున మొదటి తొట్టికి దణ్ణం మాత్రం మానలేదు. నొప్పి తగ్గించిన వేడికి, మొగుడి బరువు మోసిన నీళ్ళకి ఆ మాత్రం చెందుతుందని ఆవిడ లెక్క.

ఒక మధ్యాహ్నం జనం పలచబడ్డాక మేస్త్రి కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. వయసు మీద పడి మోకాళ్ళు మళ్ళీ పట్టేస్తున్నాయన్నాడు. నిజమో, వంకో ఆవిడ అడగలేదు. మూడో తొట్టి ఆయనది, అప్పట్లో కూర్చున్నదే. నీళ్ళక్క మోచెయ్యి ముంచి వేడి చూసి, ఆయన్ని దింపి, గట్టు మీద తన పాత చోట్లో కూర్చుంది. మోకాలి కింద ఒక చెయ్యి, మడమ దగ్గర ఒక చెయ్యి.

"లెక్కపెట్టు" అంది.

"ఒకటి" అన్నాడు మేస్త్రి. "రెండు. మూడు."

పది దాటింది. ఇరవై దగ్గర ఆయన మొహం నొప్పికి ముడుచుకుంది. ఇరవై రెండు. నీళ్ళక్క అలవాటు కొద్దీ చెవి రిక్కించింది. ఇరవై మూడు అన్నాడాయన. ఇరవై నాలుగు. ఒక్కొక్క అంకే ఆగి, ఆవిడ మొహంలోకి చూసి, నిండుగా పలుకుతున్నాడు. ముప్పై దాటింది, నలభై దాటింది. ఒక్కటి కూడా ఎగ్గొట్టలేదు. యాభై అన్నాక ఆగాడు.

"ఇవాళ దొంగలెక్క లేదేం?" అంది నీళ్ళక్క.

"ఒక్కొక్కటీ నీకే చెబుతున్నా" అన్నాడు మేస్త్రి. "అప్పట్లో ఎగ్గొట్టినవి కూడా ఉన్నాయి. మళ్ళీ మొదటినుంచీ లెక్కపెడతాను."

ఆవిరికి చెమ్మగిల్లిన మొహాన్ని భుజంతో ఒత్తుకుని, నీళ్ళక్క తల వంచి ఆయన దణ్ణాన్ని ఈసారి అందుకుంది.

"సరే. ఆ రెండో కాలు ఇటియ్యి" అంది.